మాట తప్పిన మాస్టారు

మా పీఈటీ మాస్టారు పోయారని ఫోన్ వచ్చినప్పుడు నేను కలకత్తాలో ఉన్నాను. ప్రాక్టీసు ముగించుకుని క్లబ్బు హాస్టల్ మెస్సులో అప్పుడే పళ్ళెం ముందు కూర్చున్నాను. ఫోన్ చేసింది ఆయన భార్య. ఆవిడని మా ఆడపిల్లలందరం ఆంటీ అని పిలిచేవాళ్ళం.

"అమ్మాయ్, మాస్టారు లేరు," అన్నారు. ఏడవటం లేదు. ఎవరో చెప్పమన్న మాటలు అప్పజెబుతున్నట్టు చెప్పుకుపోయారు. "పొద్దున్నే బందరు గ్రౌండుకని మోపెడ్ మీద బయల్దేరారు. గుడ్లవల్లేరు దాటాక పుంతదారిలోంచి ధాన్యం ట్రాక్టరు రోడ్డెక్కిందంట. మంచులో కనపళ్ళేదంట."

నేను అయ్యో అని కూడా అనలేదు. "ఎటువైపు నుంచి వచ్చిందాంటీ?" అని అడిగాను.

ఆవిడ పక్కన ఎవరినో అడిగారు. "ఎడంవైపు నుంచంట. ఎందుకమ్మా?"

"ఊరికే," అన్నాను.

ఊరికే కాదు. ఆ ప్రశ్న ఎందుకడిగానో ఆ రోజు ఆవిడకి చెప్పలేకపోయాను. ఆయన దగ్గర ఆట నేర్చుకున్న వాళ్ళూ, బందరులో ఆయన్ని ఎరిగిన వాళ్ళూ మంచు వల్లే అనుకుంటున్నారు. వాళ్ళందరికీ చెప్పాలని ఇది రాస్తున్నాను.

మాది దివిసీమలో కోడూరు అవతల చిన్న ఊరు. నాన్న రొయ్యల చెరువుల దగ్గర కాపలా ఉండేవాడు. ఆరో తరగతిలో నన్ను బందరు ఆడపిల్లల హాస్టల్లో చేర్పించాడు. అక్కడి స్కూల్లో మాస్టారు ఆటలు, ముఖ్యంగా ఫుట్‌బాల్, నేర్పేవారు. గుడివాడ నుంచి రోజూ వచ్చి వెళ్ళేవారు. గ్రౌండంతా ఇసుక, సగం పల్లేరుకాయలు. సముద్రపు గాలికి బంతి ఎటు పోతుందో తెలిసేది కాదు. మాస్టారు మాత్రం ఆ గాలిలోనే ఆడించేవారు.

నేను గోల్ కొట్టాలని ఉబలాటపడే పిల్లని. మొదటి నెలలోనే ఆయన నన్ను వెనక్కి, డిఫెండరుగా నిలబెట్టారు.

"గోల్ కొట్టినోళ్ళ పేరు పేపర్లో వస్తుంది. ఆపినోళ్ళ పేరు ఎవడూ రాయడు. నీకేది కావాలి?" అని అడిగారు.

"పేపరే కావాలి సార్," అన్నాను.

పకపకా నవ్వారు. అయినా వెనకే నిలబెట్టారు. "నీకు భయం ఉందమ్మా. ముందున్నవాళ్ళకి అది పనికిరాదు. వెనకుండేవాళ్ళకి అదే కావాలి. బంతి వచ్చాక పరిగెత్తితే ఏం లాభం? రాకముందే భయపడాలి," అన్నారు. మూడు అంగలకోసారి మెడ తిప్పి రెండు పక్కలా చూడమనేవారు. మరిచిపోతే గ్రౌండు అవతలి నుంచి "మెడ!" అని ఒకే కేక.

ఆయనే పెద్ద మెడ తిప్పే మనిషి. ఎవరైనా పిలిస్తే తలొక్కటే కాదు, భుజాలతో సహా ఒళ్ళంతా తిప్పి చూసేవారు. వరికోతలప్పుడు పొలంలో తిరిగే కొంగలా ఉండేది. మేం వెనక అనుకరించి నవ్వుకునేవాళ్ళం. బెంచీ మీద ఎప్పుడూ ఎడమ చివరే కూర్చునేవారు. ఎవరైనా ముందే అక్కడ కూర్చుంటే లేచేదాకా నిలబడే ఉండేవారు. ఫ్లాస్కులోంచి టీ పోసేటప్పుడు ఫ్లాస్కు మూతిని గ్లాసు అంచుకి ఆనించి, చిన్న చప్పుడు విన్నాకే వంచేవారు. మేం విసిరిన బంతిని గాల్లో పట్టుకోగా నేను ఎప్పుడూ చూడలేదు. ఒకసారి నేలమీద పడనిచ్చి అప్పుడు పట్టుకునేవారు. పెద్దమనిషి పద్ధతులు అనుకున్నాం. పిల్లలం కదా, అంతకంటే ఏం అనుకుంటాం?

ఆయన చేతికింద ఏడేళ్ళు ఆడాను. జిల్లా జట్టు, తర్వాత రాష్ట్రం జట్టు. పద్దెనిమిదేళ్ళప్పుడు కలకత్తాలో ఒక క్లబ్బు మూడేళ్ళకి కాంట్రాక్టు ఇచ్చింది. మొదటి సీజనంతా బెంచీ మీదే గడిచింది. రెండో ఏడు ఒరిస్సాలో చిన్న క్లబ్బుకి ఆర్నెల్లు అద్దెకిచ్చినట్టు పంపారు. ఫుట్‌బాల్లో అది మామూలే, దాన్ని లోన్ అంటారు. అక్కడ ప్రతి మ్యాచీ ఆడాను. తిరిగొచ్చాక కలకత్తా జట్టులో నడిమధ్య డిఫెండరు స్థానం నాదైంది. మాస్టారు నా మ్యాచీలన్నీ ఫోన్లో చూసేవారు. చూశాక ఒక్క మెసేజీ పెట్టేవారు. "బాగుంది" అని ఎప్పుడూ ఉండేది కాదు. "నలభయ్యో నిమిషంలో నిద్రపోయావు" అని ఉండేది. ఆ మాటే నాకు బలం.

ఇరవై ఒకటో ఏట దేశం జట్టు క్యాంపుకి నా పేరు పరిశీలనలో ఉందని కోచ్ చెప్పారు. ఆ వారమే ఒక కార్నర్ కిక్ దగ్గర అవతలి అమ్మాయి మోచేయి నా కుడికంటికి తగిలింది. రెండు నిమిషాలు ఐసుముక్క పెట్టుకుని మళ్ళీ ఆడాను. మూడో రోజు నుంచి ఆ కంట్లో దోమల్లాంటి నల్ల చుక్కలు తిరిగాయి. కళ్ళు మూసుకుంటే మెరుపులు. వారం దాటాక కుడిచివర సన్నటి చీకటి మొదలైంది. తల అటు తిప్పితే అదీ తిరిగేది. రోజురోజుకీ కాస్త కాస్త లోపలికి జరుగుతోందని నాకు తెలుస్తూనే ఉంది. ఎవరికీ చెప్పలేదు. క్యాంపు జాబితా ఇంకో పదిరోజుల్లో వస్తుంది.

ఆ తర్వాతి మ్యాచిలో రెండు గోల్స్ తిన్నాం. అయిన గంటకి మాస్టారు ఫోన్ చేశారు. ఆయన మ్యాచి అవగానే మెసేజీ పెడతారే తప్ప ఫోన్ చెయ్యరు.

"ఏమ్మా, రెండు గోల్సూ నీ కుడివైపు నుంచే వచ్చాయేం?"

"పొజిషన్ తప్పాను సార్."

"పొజిషన్ తప్పలేదు. నువ్వు చూళ్ళేదు."

ఆయన గొంతు తగ్గించారు. "చీకటి పక్కనుంచి మొదలైందా, కిందనుంచా?"

కంటి సంగతి నేను అమ్మకి కూడా చెప్పలేదు. ఈయనకి ఎలా తెలుసు? "సిగ్నల్ లేదు సార్," అని పెట్టేశాను. మళ్ళీ చేస్తే ఎత్తలేదు.

రెండో రోజు సాయంత్రం క్లబ్బు గేటు దగ్గర చేతిసంచితో నిలబడి ఉన్నారు. రిజర్వేషన్ దొరక్క బెజవాడ నుంచి జనరల్ బోగీలో వచ్చారట. చొక్కా అంతా నలిగిపోయి ఉంది. నన్ను చూసి నవ్వలేదు. గేటు పక్క టీ కొట్టు బెంచీ మీద ఎడమ చివర కూర్చుని, "కూర్చో," అన్నారు.

"సార్, మీ కాళ్ళు పట్టుకుంటాను. పదిరోజులు ఆగండి. లిస్టు రాగానే నేనే చూపించుకుంటాను."

"నేనూ పదిరోజులే అన్నానమ్మా," అన్నారు ఆయన.

అప్పుడు చెప్పారు. యూనివర్సిటీ జట్టులో ఆయనా డిఫెండరే. ఇరవై రెండేళ్ళప్పుడు బంతి ఎడమకంటికి తగిలింది. చుక్కలు, మెరుపులు, పక్కనుంచి చీకటి. ఫైనల్ మ్యాచి ఉందని దాచారు. ఫైనల్ గెలిచారు. కప్పు ఎత్తి ఫోటో దిగిన వారానికి ఆ కన్ను పూర్తిగా పోయింది. పైకి చూస్తే మామూలుగానే ఉంటుంది, ఎవరూ కనిపెట్టలేరు. ఉద్యోగం వచ్చినప్పుడు కంటిపరీక్ష బోర్డు మీది అక్షరాలన్నీ కుడికంటితో చూసి బట్టీపట్టి, ఎడమకంటి వంతు వచ్చేసరికి గడగడా అప్పజెప్పేశారట.

"నలభయ్యేళ్ళు దాటింది. ఇదే మొదటిసారి ఒకళ్ళకి చెప్పడం. మీ ఆంటీకి కూడా తెలీదు," అన్నారు.

ఇరవయ్యొక్కేళ్ళ తెలివి నాది. జాలిపడాల్సింది పోయి బేరం పెట్టాను. "మీ సంగతి నేను ఎవరికీ చెప్పను. నా సంగతి మీరు చెప్పకండి సార్."

ఆయన టీ గ్లాసు బెంచీ మీద పెట్టారు. "సరేనమ్మా. మాట," అన్నారు.

తెల్లారి నేను ప్రాక్టీసుకి వెళ్ళేసరికి టీం డాక్టరు గది తలుపు తీసి ఉంది. మాస్టారు లోపల కూర్చుని ఉన్నారు. నన్ను చూసి తల దించుకున్నారు.

అదే రోజు ఆస్పత్రి, మర్నాడు ఆపరేషన్. కంటి వెనక పొర ఊడివస్తోందని, ఇంకో నాలుగు రోజులు ఆగితే చీకటి చూపు నడిమధ్యకి వచ్చేసేదని పెద్ద డాక్టరు చెప్పారు. పన్నెండు రోజులు తల వంచి, ముఖం నేలకేసి పడుకోవాలి. ఆ పన్నెండు రోజుల్లోనే క్యాంపు జాబితా వచ్చింది, నా పేరు లేకుండా. సీజను చివర కాంట్రాక్టు కూడా పొడిగించలేదు. మాస్టారు మాట తప్పారని ఆయనతో ఏడాదిపాటు మాట్లాడలేదు. ఆయన మెసేజీలు చదవకుండా తుడిచేశాను.

మళ్ళీ మాట్లాడింది కూడా నా గొప్పతనం కాదు. ఆంటీయే ఫోన్ చేసి, "ఒకసారి రామ్మా. నీ మాటెత్తితే అన్నం ముందునుంచి లేచిపోతున్నారు," అన్నారు. గుడివాడ వెళ్ళాను. ఆయన వరండాలో బంతులు కడుగుతున్నారు. క్షమించమని ఆయనా అడగలేదు, నేనూ అడగలేదు. చేతులు తుడుచుకుంటూ, "ఇంక బంతిని తలతో కొట్టద్దన్నారుగా డాక్టర్లు. మధ్యలో ఆడలేవు. కుడి గీత పక్కన ఆడు. అటువైపు అవుట్ లైనే, ఎవడూ రాడు," అన్నారు. బెంచీ మీద ఎడమ చివర ఎందుకు కూర్చుంటారో నాకు అప్పుడు అర్థమైంది.

ఆ సలహాతోనే మళ్ళీ ఆడాను. కళ్ళకి రక్షణగా పెద్ద అద్దాలు పెట్టుకుని, కలకత్తాలోనే కింది డివిజన్లో చిన్న క్లబ్బుకి, కుడి బ్యాకుగా. ఇప్పటికీ అదే ఆడుతున్నాను. దేశం జట్టు ఊసు మళ్ళీ రాలేదు. కానీ రెండు కళ్ళతో అద్దంలో చూసుకుని జడ వేసుకుంటున్నాను. అది మాస్టారి పుణ్యం.

ఇక నా సంగతి. రిటైరయ్యాక కూడా ఆయన ఆదివారాలు బందరు వెళ్ళి పిల్లల్ని ఆడించేవారు. పోయిన వేసవిలో ఒకసారి ఆయన మోపెడ్ వెనక కూర్చుని నేనూ వెళ్ళాను. బండి ఎడమ అద్దం విరిగిపోయి ఉంది. ఎడమపక్కంతా గీతలు. కవుతరం దగ్గర ఒక ఆటో ఎడమనుంచి దూసుకొచ్చింది. నేను "సార్!" అని అరిస్తే గానీ ఆయన బ్రేకు వెయ్యలేదు.

"బండి మానేయండి సార్. బస్సులో వెళ్ళండి."

"ముప్పయ్యేళ్ళుగా తోలుతున్నానమ్మా. ఈ రోడ్డుకి నేను తెలుసు."

"ఆంటీకి చెప్పేస్తాను."

ఆయన బండి ఆపి, ఒళ్ళంతా వెనక్కి తిప్పి నా ముఖంలోకి చూశారు. "మాటిచ్చావు," అన్నారు.

చెప్పలేదు. ఆ రోజు వాళ్ళింట్లో భోజనం చేస్తుంటే ఆంటీ, "చూడమ్మా, భుజం ఎట్లా కమిలిపోయిందో. తలుపులు గుద్దుకుంటూ తిరుగుతారు," అని ఆయన ఎడమ భుజం చూపించారు. అప్పుడూ చెప్పలేదు. కలకత్తా వెళ్ళాక ఆంటీ నంబరు తీసి మూడుసార్లు నొక్కబోయి ఆగిపోయాను. మాట నిలబెట్టుకుంటున్నానని లోపల కాస్త గర్వం కూడా ఉండేది. ఆయన నా రహస్యం దాచలేదు. ఆయన రహస్యం నేను దాచాను. ఎవరికి ఎవరు మేలు చేశారో గుడ్లవల్లేరు దగ్గర తేలిపోయింది.

మూడో రోజుకి గుడివాడ చేరాను. చుట్టాలు కాస్త సర్దుకున్నాక వంటింట్లో ఆంటీ పక్కన కూర్చుని అంతా చెప్పాను.

"ఎడంపక్క నుంచి మంచినీళ్ళిస్తే ఉలిక్కిపడేవారు. ముప్పయ్యేళ్ళ పైన కాపురం చేశాను. నేనంటే చిరాకనుకున్నాను ఇన్నాళ్ళూ," అన్నారు.

నాకేసి తిరిగారు. "నాకు చెప్పాల్సిందమ్మా."

అంతే అన్నారు. తిట్టలేదు, ఓదార్చలేదు. లేచి నాకు అన్నం పెట్టారు. తిన్నాను.

ఆదివారం పొద్దున బస్సెక్కి బందరు గ్రౌండుకి వెళ్ళాను. ఎవరూ రారేమో అనుకున్నాను. ఇరవైమంది దాకా వచ్చి ఉన్నారు. మాస్టారు లేని గ్రౌండులో ఏం చెయ్యాలో తెలియక గోలు స్తంభం దగ్గర గుమిగూడారు. ఒక పిల్ల, "అక్కా, ఆడిస్తావా?" అంది.

"ముందు వరసగా నిలబడండి. అరచేత్తో ఎడమకన్ను మూసుకోండి," అన్నాను.

ఆటేదో అనుకుని నవ్వుకుంటూ మూసుకున్నారు. ఒక్కొక్కరి ముందుకీ వెళ్ళి చెయ్యి పక్కకి చాచి, ఎన్ని వేళ్ళని అడుగుతూ నడిచాను. రెండు అక్కా, నాలుగు అక్కా, ఒకటి అక్కా. తర్వాత కుడికన్ను మూసుకోమన్నాను. వరసంతా చేతులు మార్చింది.

చివర నిలబడ్డ పిల్ల ఎడమకన్ను మీది చెయ్యి తియ్యలేదు. నాగాయలంక నుంచి వచ్చి హాస్టల్లో చేరిందట, జట్టులో వెనక ఆడుతుందట. కుడిచెయ్యి సగం దాకా లేచి గాల్లో ఆగిపోయింది.

"ఈ కన్నొద్దక్కా," అంది మెల్లగా. "బుధవారం సెలెక్షన్స్ ఉన్నాయి."

సముద్రం మీంచి గాలి విసురుగా వచ్చింది. తక్కిన పిల్లలంతా ఒక కన్ను మూసుకుని, రెండోదాంతో మా ఇద్దరికేసే చూస్తూ నిలబడ్డారు.