సైప్రస్ మొక్కలకు పోసిన రెండు పాయింట్ల నీళ్ళు

పోయినవి ఇవి: ఎనిమిది గోల్డెన్ సైప్రస్ మొక్కల్లో ఆరు, రెండు బస్తాల మాగిన పేడ ఎరువు, ఎనభై రోజుల నీళ్ళు, అక్కకు నామీద ఉన్న నమ్మకం. చివరిదాన్ని ఎంతని వేయాలో తెలియలేదు.

మొక్కలు అక్కవి. బావ పోయిన ఏడాదికి జరిగే ప్రార్థన కూడిక నాటికి ఆయన సమాధి చుట్టూ అవి నిలబడాలని ఆమె కోరిక. శంకులా పైకి సన్నబడతాయి, ఏ కాలంలోనూ బోసిపోవు, ఎండ పడితే ఆకంతా పసుపు పూసినట్టుంటుంది. ఆమె ఇంట్లో చోటు లేక, తోటపల్లి గూడూరులో మా పెరట్లో పెంచి ఇమ్మంది.

నేను రొయ్యల చెరువుల దగ్గర మేత లెక్కలు చూస్తాను. ఎవరూ నేర్పలేదు, చూసి చూసి పట్టుకున్నాను. చెరువుల్లో ఉప్పు చూసే మీటరుతోనే మా బోరు నీళ్ళూ చూశాను. రెండు పాయింట్లు చూపింది. పదిహేను, ఇరవై చూసే కంటికి రెండంటే మంచినీళ్ళే. మొక్కకు రోజుకు రెండు లీటర్లు పోశాను.

నలభయ్యో రోజుకు కొసలు ఇటుక రంగు తిరిగాయి. బంగారు రంగు ముదురుతోందనుకున్నాను. ముట్టుకుంటే పొడిలా రాలింది. భయపడి మూడు లీటర్లు చేశాను. రోజూ తెల్లారగానే, ఎండని కొమ్మలు లెక్కపెట్టేవాణ్ణి. ముప్పై ఒకటి. ఇరవై ఆరు. పంతొమ్మిది. అక్క ఫోన్ చేస్తే మాత్రం "బాగుండాయి" అనేవాణ్ణి.

ఎనభయ్యో రోజు ఆమె చెప్పకుండా వచ్చింది. ఒక కొస నలిపి చూసి, బోరు నీళ్ళు నోట్లో పోసుకుని ఊసింది.

"ఏందిరా ఇది? మొక్కలు పెంచమంటే రొయ్యల్ని పెంచినావా?"

"మీటర్లో రెండే చూపించిందక్కా."

"రెండంటే ఎంత?"

"లీటరుకు రెండు గ్రాములు."

"ఊరందరికీ లెక్కలు చెప్తావే, ఇది గుణించుకోలేకపోయినావా?"

అప్పుడు గుణించాను. మొక్కకు నాలుగు వందల గ్రాముల ఉప్పు.

కొసప్రాణంతో ఉన్న రెండింటిని క్యాను నీళ్ళతో బతికించాం. కూడిక రోజున వాటిని సమాధి తలవైపు నాటాం. పాస్టరుగారు ప్రార్థన చేస్తున్నంతసేపూ నేను కళ్ళు మూసుకోలేకపోయాను. మిగతా ఆరు చోట్లా తవ్విన మట్టి అలాగే ఉంది.

తర్వాత నర్సరీ నుంచి ఒక్కొక్కటే తెచ్చి, నాలిక మీద వేసి చూసిన నీళ్ళే పోసి, రెండింటిని పెంచి నాటాను. అక్క ఇక చాలనలేదు. నేనూ అడగలేదు. ఇవాళ్టికి నాలుగు మొక్కలు బాకీ.