సప్తర్షులను చూడలేకపోయిన పిల్ల

భీమవరానికి దగ్గర్లోని ఒక ఊళ్ళో, హైస్కూల్లో నేను సైన్సు చెబుతాను. ఎనిమిదో తరగతికి నక్షత్రాల పాఠం వచ్చినప్పుడల్లా సప్తర్షి మండలాన్ని బోర్డు మీద ఏడు చుక్కలుగా వేసి, గీతలు కలిపి ముగించేదాన్ని. రెండేళ్ళ క్రితం మాత్రం, వేసవి సెలవులకు ముందు, పిల్లల్ని రాత్రి ఏడున్నరకు స్కూలు డాబా మీదకి రమ్మన్నాను.

స్కూలు వెనకంతా రొయ్యల చెరువులే. గట్ల మీద పెద్ద పెద్ద లైట్లు. అవి వెలుగుతుంటే చుక్కలు కనబడవు. చెరువు రైతుని అడిగితే, "అరగంటేనా అండి? దొంగలు పడితే మీరే పట్టుకోవాలి మరి" అని నవ్వి ఆపించాడు.

ఉత్తరం వైపు ఆకాశం నల్లబడ్డాక ఒక్కొక్కటే చూపించాను. ముందు నాలుగు చుక్కల పెట్టె, దాని వెనక మూడు చుక్కల తోక. ఒక పిల్లవాడు అట్లకాడలా ఉందన్నాడు. ఇంకొకడు, "మా మామ్మ ముసలమ్మ మంచం అంటదండి. ఆ మూడూ మంచం ఎత్తుకుపోయే దొంగలంటండి" అన్నాడు. పెట్టె చివరి రెండు చుక్కల్ని కలిపి అదే గీతని కిందికి సాగదీస్తే ధ్రువ నక్షత్రం వస్తుందని చెప్పాను. మన వైపు అది చాలా కిందికి ఉంటుంది. కొబ్బరి చెట్ల సందుల్లో వెతుక్కోవలసి వచ్చింది.

అప్పుడు అందరినీ దూరం దూరంగా కూర్చోబెట్టి, చూసింది చూసినట్టు నోటుబుక్కులో వెయ్యమన్నాను. ఒక పిల్ల మాత్రం లేచి వెళ్ళి పక్క పిల్ల పుస్తకంలోకి వంగింది. చేపల వేటకెళ్ళే వాళ్ళింటి పిల్ల. క్లాసులోనూ ఇదే పని. ఏడాదంతా పక్కవాళ్ళవి చూసి రాస్తోందని తిట్టాను, రెండుసార్లు బయట నిలబెట్టాను కూడా.

"ఇక్కడ కూడా కాపీయేనా? ఏవీ, వేలు పెట్టి చూపించు" అన్నాను.

ఆ పిల్ల చెయ్యెత్తి దూరంగా సెల్ టవర్ మీద వెలుగుతున్న ఎర్ర దీపాన్ని చూపించింది. పిల్లలు నవ్వారు. నాకు నవ్వు రాలేదు. పక్కకి తీసుకెళ్ళి, పడమట ఉన్న తదియ చంద్రుణ్ణి చూపించి ఎలా ఉన్నాడని అడిగాను.

"రెండు మూడు ఒకదాని మీద ఒకటి పెట్టినట్టున్నాయండి" అంది.

"మరి చుక్కలో?"

"చుక్కలు పుస్తకాల్లోనే ఉంటాయనుకున్నానండి."

"బోర్డు కనపడదని ఒక్కసారైనా చెప్పలేదేం?"

"అందరికీ అంతేనేమో అనుకున్నానండి. వాళ్ళు తొందరగా రాసేసుకుంటారు, నాకే రాదు అనుకున్నాను."

ఆ రాత్రి ఇంటికెళ్ళి అన్నం సరిగా తినలేకపోయాను. చూపు గురించి పాఠం చెప్పేది నేనే. కంటిలో కటకం ఎలా పనిచేస్తుందో ఆ పిల్లకి బోర్డు మీదే బొమ్మ గీసి చెప్పాను.

మర్నాడు వాళ్ళమ్మని కలిశాను. రొయ్యల షెడ్డులో తలలు తీసే పనికి వెళ్తుందామె. "ఫోను చూసి చూసి అలా అయ్యిందండి" అంది మొదట. తరవాత గొంతు తగ్గించి, "ఆడపిల్లకి ఇప్పట్నించీ కళ్ళజోడంటే ఎలాగండి, మేడమ్ గారూ? రేపు సంబంధాలొస్తే ఏం చెప్పాలి?" అంది.

చిన్నప్పట్నించీ పెట్టుకుంటున్న నా కళ్ళజోడు తీసి ఆమె చేతిలో పెట్టాను. "ఇది లేకపోతే మీ మొహం నాకు కనబడదండి" అన్నాను. ఆమె దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి, "ఆదివారం షెడ్డు సెలవండి" అంది.

ఆదివారం ముగ్గురం ఆటోలో భీమవరం వెళ్ళాం. రెండు కళ్ళకీ మైనస్ మూడు దాటింది. అద్దాలు బిగించి ఇచ్చేసరికి నాలుగు రోజులు పట్టింది. తెచ్చుకున్న రోజు రాత్రి వాళ్ళమ్మ నంబరు నుంచి ఫోనొచ్చింది.

"మేడమ్ గారండి, మీరు ఏడన్నారు కదండి, ఎనిమిదున్నాయండి! తోకలో మధ్యదాని పక్కన ఇంకోటి చిన్నదుందండి!"

అది అరుంధతి అనీ, పక్కది వసిష్ఠుడనీ చెప్పాను. పెళ్ళిళ్ళలో చూపించేది అదేనా అని వెనకనుంచి వాళ్ళమ్మ అడగడం వినిపించింది. తరవాత ఆమె ఫోను తీసుకుని, తన పెళ్ళిలో పంతులుగారు పట్టపగలే చూపిస్తే కనబడిందని తల ఊపేశానంది.

సెలవులిచ్చే రోజు క్లాసులో అందరి ముందూ ఆ పిల్లకి క్షమాపణ చెప్పాను, కాపీ కొట్టిందని అనవసరంగా అన్నానని. ఆ పిల్ల లేచి నిలబడి, "కొట్టానండి. కనబడక కొట్టాను" అంది.

జూన్‌లో బడి తెరిచాక అక్షరాల చార్టు ఒకటి తెచ్చి తలుపుకి అంటించి, పిల్లలందర్నీ ఒక్కొక్కరినే చివరి బల్ల దగ్గర నిలబెట్టి చదివించాను. చూపు ఆననివాళ్ళు మరో ఇద్దరు తేలారు. ఒకడి తండ్రి ఆ వారమే తీసుకెళ్ళి చూపించాడు. రెండోవాడి ఇంటికి మూడుసార్లు వెళ్ళవలసి వచ్చింది.