పెంటమ్మ గొంతు, పెట్టె శ్రుతి

కామాటిపురా ఆరో గల్లీలో పెంటమ్మ పాట ఎత్తుకుంటే తప్ప ఆషాఢంలో బోనాలు కదిలేవి కావు. ఆమె తాతలు పాలమూరు నుంచి రాళ్ళు మోయడానికి బొంబాయి వచ్చి ఇక్కడే ఉండిపోయారు. పెంటమ్మ పుట్టింది ఒంటిగది ఇళ్ళు వరసగా ఉండే ఈ చాల్‌లోనే. ఊరు చూసింది పెళ్ళిళ్ళకూ చావులకూ పోయినప్పుడే. అయినా ఆ ఊరి పోచమ్మ పాటలన్నీ ఆమె నోట్లో ఉన్నాయి. అత్త రాజవ్వ, పక్కన కూర్చోబెట్టుకుని బీడీలు చుట్టిస్తూ, ఒక్కొక్క పాటే నేర్పింది.

మనిషి మాత్రం మహా పిరికిది. పోలీసు బండి చప్పుడైతే తలుపు వేసుకునేది. పెద్ద బిల్డింగుకు పోతే లిఫ్టు వద్దని మెట్లెక్కేది. కరెంటు బటను నొక్కాలన్నా చేతికి కొంగు చుట్టుకునేది. పాట ఎత్తుకుంటే మాత్రం ఆ భయాలేవీ దగ్గరికి వచ్చేవి కావు. గల్లీ నిండా జనమున్నా, డప్పులు చెవులు చిల్లులు పొడుస్తున్నా, ఆమె గొంతు అన్నిటి మీదా తేలేది. ఆ కాసేపూ ఆమె ఇంకో మనిషి.

అలాంటి మనిషికి ఎనభై ఆరులోనో ఏడులోనో, వానలు మొదలైన కొత్తలో, గొంతు పోయింది.

శంకర్రావుకు ఫాక్‌లాండ్ రోడ్డు మీద క్యాసెట్ల దుకాణం ఉండేది. వరసకు పెంటమ్మకు మరిది అవుతాడు. వాళ్ళన్న దుబాయి నుంచి ఒక కీబోర్డు పంపించాడు. హార్మోనియంలా మెట్లుంటాయి, కానీ తిత్తి ఆడించే పని లేదు. ఒక బటను నొక్కితే డోలు దానంతటదే మోగుతుంది, ఇంకోటి నొక్కితే వేణువు పలుకుతుంది. శంకర్రావు దాన్ని చంటిపిల్లలా తుడుచుకుంటూ తిరిగేవాడు. ఒకనాడు పెంటమ్మ ఖోలీకి, అంటే ఆ ఒంటిగది ఇంటికి, వచ్చి గడపలో కూర్చున్నాడు.

"వదినా, నీ పోచమ్మ పాటలు క్యాసెట్ చేద్దాం. ధారావిల, వర్లిల మనోళ్ళు ఎంతమంది ఉన్నరు! కూలి కోసం నాకా మీద నిలబడే పాలమూరోళ్ళు చెవి కోసుకుంటరు."

పెంటమ్మ అత్త వైపు చూసింది. రాజవ్వ చేతిలోని బీడీ ఆకు పక్కన పెట్టింది.

"గొంతును పెట్టెల పెడితే అది మల్ల బయటికొస్తదారా? అమ్మోరి పాట అది. ఆటబొమ్మ గాదు."

"అవ్వా, నువ్వు రేడియో ఇంటలేవా? పాడినోళ్ళ గొంతులన్నీ పోయినయా?" అని శంకర్రావు నవ్వాడు.

పెంటమ్మ భర్త మొగులయ్య ఒకప్పుడు బట్టల మిల్లులో పనిచేసేవాడు. సమ్మె తర్వాత మిల్లు తెరుచుకోలేదు. అప్పటినుంచి తాపీ పనికి పోతున్నాడు. ఆయన మురిసిపోయి, "పోవే, ఏమైతది? నీ పాట నలుగురు వింటరు" అన్నాడు. మొగుడు అంత ముచ్చటపడ్డాక కాదనలేక పెంటమ్మ పోయింది.

దుకాణం వెనకాల కిటికీ లేని చిన్న గది. బయటి చప్పుడు రాకుండా తలుపు వేశాడు. గాలి ఆగిపోయింది. టేపు రికార్డరు మీద ఎర్ర దీపం వెలిగింది. ఆ దీపం ఎవరో రెప్పవేయకుండా చూస్తున్నట్టు అనిపించి ఆమె ముఖం పక్కకు తిప్పుకుంది. శంకర్రావు బటను నొక్కగానే ఎవరూ కొట్టకుండానే డోలు మొదలైంది. డోలు కొట్టే మనిషైతే ఆమె ముఖం చూసి కాస్త ఆగుతాడు, ఊపిరి తీసుకోనిస్తాడు. ఇది ఆగదు. విరార్ లోకల్ రైలులా పరిగెత్తుతూనే ఉంది. దాని వెనక పడి ఆమె పాట మొదలుపెట్టింది. తను రోజూ ఎత్తుకునే చోటు ఒకటి, పెట్టె పలుకుతున్న చోటు ఇంకొకటి. పెట్టె ఎంతో ఎత్తున ఉంది. ఆమె మునివేళ్ళ మీద నిలబడి అటక అందుకున్నట్టు పాడింది.

"గట్టిగ వదినా! పెట్టె సప్పుడుల నీ పాట మునిగిపోతున్నది."

గట్టిగా పాడింది. బాగా రాలేదని మళ్ళీ పాడించాడు. మళ్ళీ గట్టిగా. గొంతులో గాజుపెంకు గీసినట్టయినా చెప్పడానికి జంకింది. సాయంత్రం దాకా అలాగే సాగింది. చివరికి శంకర్రావు టేపు వెనక్కి తిప్పి వినిపించాడు.

పెంటమ్మ తన గొంతును బయటినుంచి వినడం అదే మొదటిసారి. పీక నులుముతుంటే ఎవరో ఆడది కేకలు పెడుతున్నట్టుంది. ఆమె లేచి నిలబడింది. "అది నేను గాదు" అంది. చెప్పులు కూడా వేసుకోకుండా వానలో ఇంటికి పరిగెత్తింది.

తెల్లారి నల్లాలో నీళ్ళు వచ్చాయి. మొగులయ్యను లేపుదామని నోరు తెరిచింది. గాలి వచ్చింది కానీ మాట రాలేదు. గొంతు సవరించుకుని మళ్ళీ ప్రయత్నించింది. పగిలిన పిల్లనగోవిలో ఊదినట్టు బుస్సుమంది. ఆమె పైప్రాణాలు పైనే పోయాయి. బకెట్టు పక్కన కూలబడి రెండు చేతులతో మెడ పట్టుకుంది.

రాజవ్వ వచ్చి చూసి నెత్తి కొట్టుకుంది. "మింగింది! పెట్టె మింగింది! నేను చెప్పలే?"

చాల్‌లో ఈ వార్త గదుల ముందున్న గ్యాలరీ వెంబడి పాకింది. పోచమ్మ పాటను డబ్బాలో బంధించబోతే అమ్మోరు గొంతే తీసుకుందని కొందరన్నారు. తల్లులు పిల్లల్ని ఆమె గడప ముందు నుంచి లాక్కుపోయారు. పెంటమ్మకు అవన్నీ వినబడుతున్నాయి. కాదని చెప్పడానికి గొంతు లేదు. ఉన్నా ఏం చెబుతుంది? ఆమె నమ్మిందీ అదే.

మొగులయ్య పనికి పోలేదు. తిన్నగా ఫాక్‌లాండ్ రోడ్డుకు నడిచాడు. ఆ నడక చూసి పెంటమ్మ వెనకే ఉరికింది. ఆమె పోయేసరికే కీబోర్డు మొగులయ్య తలపైకి లేచి ఉంది. శంకర్రావు గోడకు అతుక్కుపోయి, "అన్నా, నేనేం చేయలే! అన్నా!" అంటున్నాడు. పెట్టె పగిలితే లోపలున్న తన గొంతు కూడా పోతుందని పెంటమ్మ భయపడింది. అరవబోతే నోట్లోంచి ఊపిరి తప్ప ఏదీ రాలేదు. రెండు చేతులతో మొగుడి మణికట్టు పట్టుకుని వేలాడింది. ఆయన ఆమె ముఖంలోకి చూశాడు. ఆ కళ్ళలో ఏం కనబడిందో, పెట్టెను మెల్లగా బల్ల మీద పెట్టి వెక్కి వెక్కి ఏడ్చాడు.

ఆ మధ్యాహ్నమే ఆమెను పెద్దాసుపత్రికి తీసుకుపోయారు. డాక్టరమ్మ నాలుక పట్టి లాగి, చిన్న అద్దాన్ని గొంతులోకి పెట్టి చూసింది. పక్కనున్న చిన్న డాక్టరుతో మరాఠీలో ఏదో అంది. అందులో "గాఠ్" అన్న మాట పెంటమ్మ చెవిన పడింది. గాఠ్ అంటే గడ్డ. కింది ఖోలీ రత్నాబాయికి కూడా ఇదే మాట అన్నారు. ఆమె మళ్ళీ దీపావళి చూడలేదు. పెంటమ్మకు గోడలు దూరంగా జరిగినట్టయింది, మొగులయ్య చేయి పట్టుకుంది.

డాక్టరమ్మ అది గమనించి హిందీలోకి దిగింది. "డరో మత్. వో వాలా నహీ." భయపడకు, ఆ రోగం కాదు అని, మొగులయ్య చేయి లాగి, అరచేతిలోని కాయలు చూపించింది. పార పట్టి పట్టి చేతికి కాయ కాసినట్టే, అరిచి అరిచి గొంతులో కాయ లేచింది. చుట్టూ వాపుంది. నెల రోజులు ఒక్క మాట మాట్లాడకూడదు, గుసగుసగా కూడా. అణగిపోతే సరి, లేకపోతే కొయ్యాలి. "బోల్నా బంద్. ఏక్‌దమ్ బంద్."

కొయ్యడం అన్న మాట పెంటమ్మ లోపల కూర్చుండిపోయింది.

మాట లేని ఇల్లు ఎంత భయంగా ఉంటుందో ఆ నెలలోనే తెలిసింది. పొయ్యి మీద పాలు పొంగితే చేతులు చరిచి పిలవాలి. తుమ్ము వస్తే కొంగు నోట్లో కుక్కుకునేది, గొంతు అదురుతుందని. మింగినప్పుడల్లా కాయ తగులుతోందా అని వెతుక్కునేది. ఒకరోజు ఉన్నట్టు, ఒకరోజు లేనట్టు తోచేది. ఆషాఢం వచ్చింది. బోనాలకు పాట ఎత్తే పని సాయమ్మకు అప్పగించారు. సాయమ్మ మంచి మనిషే, కానీ నడుమ మాటలు మరిచిపోయింది. జనం సర్దుకున్నారు, బోనాలు కదిలాయి. పెంటమ్మ గ్యాలరీ కటకటాల వెనక నిలబడి చూసింది. తను లేకపోయినా కదులుతాయని ఆమె ఏనాడూ అనుకోలేదు.

బోనాలైన రెండో రోజు ఆమె ఎవరికీ చెప్పకుండా దుకాణానికి పోయింది. ఆమెను చూడగానే శంకర్రావు వీధి వైపు చూశాడు, మొగులయ్య వస్తున్నాడేమోనని. ఆమె గొంతు మీద వేలు పెట్టి, తర్వాత టేపు రికార్డరు చూపించింది. ఇంకా ఉందా? అదీ ఆమె అడిగింది.

"వదినా, దాన్ని చెరిపేద్దామనుకున్న. చెయ్యి రాలే" అని అతను టేపు పెట్టాడు.

ఆమె బల్ల అంచు గట్టిగా పట్టుకుని విన్నది. మొదట అదే కేక, అదే పీక నులుముడు. పారిపోవాలనిపించింది. కానీ ఇప్పుడు పాడే పని లేదు, వినడం తప్ప వేరే పని లేదు. మళ్ళీ వేయమంది. ఈసారి పాడుతున్నది తను కాదు, వేరే ఎవరో అనుకుని విన్నది. ఈ మనిషి ఎందుకింత పైకి ఎక్కుతోంది? ఎవరు ఎక్కమన్నారు? డోలు తరుముతుంటే ఊపిరి ఎక్కడ తీసుకుంటుంది?

టేపు ఆపమని సైగ చేసింది. కీబోర్డు చూపించి, అరచేతిని నేలవైపు నొక్కింది. కిందికి.

"చప్పుడు తగ్గించాల్నా?"

తల అడ్డంగా ఊపింది. మళ్ళీ కిందికి. శంకర్రావుకు చాలాసేపు అంతుపట్టలేదు. ఆమె విసిగిపోయి, అతను ఎప్పుడూ వేలు పెట్టి మొదలుపెట్టే తెల్ల మెట్టు మీద నుంచి అతని చెయ్యి ఎత్తి, ఎడమకు జరిపింది. అప్పుడు అతని ముఖం మారింది.

"శ్రుతి దించాల్నా? వదినా, నాకు ఈడికెల్లి తప్ప వాయించుడు రాదు. ఎడమకు పోతే నల్ల మెట్లు పడ్తయి. నాకు సులువని ఈడికెల్లి పట్టిన. నీకు ఎంతల వస్తదో అడగనే లేదు." ఆ మాట తన చెవిన తనకే పడ్డాక అతను తల వంచుకున్నాడు.

ఆ రోజునుంచి శంకర్రావు నల్ల మెట్లతో కుస్తీ పట్టాడు. గిరాకీ లేనప్పుడల్లా వాయించడం, తప్పడం, మళ్ళీ మొదలుపెట్టడం. పెంటమ్మ బీడీల చేట ఒళ్ళో పెట్టుకుని ఎదురుగా కూర్చునేది. బాగుంటే తలూపేది, లేకుంటే చెయ్యి అడ్డంగా తిప్పేది. డోలు వేగం తగ్గించే మీట ఉందని కూడా అప్పుడే వెతికి పట్టుకున్నారు. అందులో దాచిన దరువులన్నీ ఒక్కొక్కటే వేసి చూశారు. ఒకటి బారాతు బాజాలా ఉంది, ఒకటి డిస్కోలా. చివరికి అన్నిటికన్నా సాదాగా ఉన్నదాన్ని నెమ్మదిగా నడిపితే పాటకు అడుగు కుదిరింది. మైకు కీబోర్డు పక్కనే పెట్టడం వల్లనే తన పాట మునిగిందని కూడా ఆమె సైగలతోనే చెప్పింది. పెట్టెను గది మూలకు జరిపి, గోడలకు బొంతలు వేలాడదీశారు. ఇంత చేసినా అందులో పాడే మనిషికి గొంతు వస్తుందో రాదో ఇద్దరికీ తెలియదు.

నెల తీరింది. డాక్టరమ్మ అద్దం పెట్టి చూసి, వాపు పోయింది, కాయ చాలావరకు అణిగింది, మెల్లగా మాట్లాడమంది. పెంటమ్మ మాట్లాడలేదు. ఇంటికి వచ్చాక కూడా పెదవి విప్పలేదు. నోరు తెరిస్తే మళ్ళీ ఆ బుస్సుమనే గాలే వస్తే? తెలుసుకోకుండా ఉన్నంతసేపూ కొంచెం ఆశైనా ఉంటుంది. మొగులయ్య బతిమాలాడు, కోప్పడ్డాడు, అన్నం మానేశాడు. ఆమె కన్నీళ్ళు పెట్టుకుంది తప్ప పలకలేదు.

పెట్టెను అన్నేసి మాటలు తిట్టిన రాజవ్వే చివరికి కర్ర పట్టుకుని లేచింది. "నడువు బిడ్డా. నీ గొంతు యాడ పోయిందో ఆడికే పోదాం. నేనుంట."

ముసలామె ఆ గదిలో బొంతల మధ్య కూర్చుంది. శంకర్రావు శ్రుతి పట్టాడు. ఎర్ర దీపం వెలగనివ్వలేదు.

"పాట వద్దు. నాతోని మాట్లాడినట్టు అను, అంతే" అంది రాజవ్వ.

పెంటమ్మ చీర కుచ్చిళ్ళు పిడికిట్లో బిగించింది. నోరు తెరిచింది. మొదట గాలే వచ్చింది. ఆమె కళ్ళు పెద్దవయ్యాయి. రాజవ్వ చేతిని వెతికి పట్టుకుంది. రెండోసారి, ఆ గాలి కిందనుంచి, చాలా లోతునుంచి, ఒక స్వరం లేచింది. మునుపటిది కాదు. కొంచెం బొంగురుగా, అంచు చిరిగిన గుడ్డలా ఉంది. కానీ శ్రుతిలో కూర్చుంది. ఎక్కాల్సిన పని లేదు, అందుకోవాల్సిన అటక లేదు. ఆమె పోచమ్మను పిలిచింది. గది బయటికి కూడా వినబడనంత మెల్లగా పాట సగం దాకా పోయి ఆగింది.

శంకర్రావు కళ్ళు తుడుచుకున్నాడు. "అత్తమ్మా, ఉన్నది" అంది పెంటమ్మ. నెల దాటాక, పాట పక్కన పెడితే, ఆమె నోట వచ్చిన మొదటి మాట అది.

క్యాసెట్టు దసరాకు గానీ తయారు కాలేదు. రోజుకు ఒక్క పాటే. గొంతు గీసుకున్నట్టయితే ఆ రోజుకు పెట్టె మూసేసేవాళ్ళు. పాడిన ప్రతిసారీ వినడం, ఎక్కడ బాగాలేదో చూసుకోవడం, ఏదో ఒక్కటి మార్చి మళ్ళీ పాడడం. అలా కుదిరిన పాటలే అందులోకి పోయాయి. వర్లిలో కట్టే బిల్డింగుల దగ్గర కూలివాళ్ళు దాన్ని అరిగేదాకా వేసుకున్నారని మొగులయ్య వచ్చి చెప్పేవాడు.

మరుసటి ఆషాఢంలో గల్లీలో పాటను సాయమ్మ, పెంటమ్మ కలిసి ఎత్తుకున్నారు. పైకి పోయే చోట్లు సాయమ్మవి. ఆ ఎత్తు పెంటమ్మకు మళ్ళీ రాలేదు. అలాగని పెట్టె భయం కూడా పూర్తిగా పోలేదు. తర్వాత శంకర్రావు ఇంకా పెద్ద కీబోర్డు తెచ్చాడు, ఆ తర్వాత ఇంకోటి. ఆమె ప్రతిదానికీ ఒక చెయ్యి దూరంలో నిలబడి, అరచేతులు కొంగుకు తుడుచుకుంటూ, మొదట ఒక్కటే అడిగేది:

"దీని శ్రుతి దించుడెట్ల శంకరా?"

అది చూపించేదాకా పాటకు నోరు విప్పేది కాదు.