నన్ను అచ్చు దింపిన పిల్ల

నాది ప్రొద్దుటూరులో కాపురం, జమ్మలమడుగులో ఉద్యోగం. చదువు తొందరగా ఎక్కని పిల్లలకు, వాళ్ళ తరగతి కాక, విడిగా ఒక గదిలో పాఠాలు చెప్పే టీచరును. మా గదికొచ్చే పిల్లలు మొద్దులు కారు. కొందరికి అక్షరాలు కుదురుగా నిలబడవు. కొందరికి చెప్పాలనుకున్న మాట నోటిదాకా రావడానికి చాలా సేపు పడుతుంది. అందరికీ కలిపి ఉండే కష్టం ఒకటే, నలుగురిలో నోరు తెరవాలంటే భయం. దాన్ని పోగొట్టడమెట్లాగో నాకూ సరిగ్గా తెలీదు. తెలిసినట్టు మొహం పెట్టి లాక్కొస్తూ ఉండేదాన్ని.

ఆ పిల్ల మా దగ్గరికి ఐదో తరగతిలో వచ్చింది. గండికోట దోవలో ఒక పల్లె. ఇంట్లో గొర్రెలు, కొంచెం శనగ చేను. తల్లి పిల్లను నా ముందుకు తోసి, "దీనికి తల్లో ఏమీ నిలవదు మేడమ్. ఈ ఒక్క ఏడు సూస్తాం. కాదంటే గొర్లెంబడి తోలుకుంటాం" అనింది. పిల్ల అక్కడే ఉంది. అన్నీ వింటోంది. పేరేందమ్మా అని అడిగితే వాళ్ళమ్మ వైపు చూసింది. వాళ్ళమ్మే చెప్పింది.

చాలా రోజులు దాని గొంతు నేను వినలేదు. మెచ్చుకుని చూశాను. చేతి మీద పెన్నుతో నక్షత్రం వేశాను. బుద్ధిగా వేయించుకుని, గుమ్మం దాటగానే పావడాకు రుద్ది తుడిచేసుకునేది.

ఒకరోజు మధ్యాహ్నం అన్నం తిని, కొళాయి దగ్గర క్యారియర్ కడుక్కుని వస్తున్నాను. గదిలోంచి నా గొంతు వినిపించింది. నేనేమో బయట ఉన్నాను.

"బంగారూ... నా కళ్ళజోడు యాడ పెట్టినా బంగారూ? ఓ, తల మీదే ఉందా! సరే, పలకలు తీయండి."

కిటికీలోంచి తొంగి చూశాను. ఆ పిల్ల తువ్వాలును పైటలాగా వేసుకుని, నా సంచి భుజాన తగిలించుకుని, ఒక కాలు కొంచెం ఈడుస్తూ నడుస్తోంది. తక్కినవాళ్ళు నేల మీద పడి పొర్లుతున్నారు. అంతలో అది అరచెయ్యి చెవికి ఆనించుకునింది.

"ఏమండీ, కుక్కర్ మూడు కూతలకే ఆపినారా? నాలుగా? నాలుగెందుకు రానిచ్చినారు?"

మా ఆయనకు ప్రొద్దుటూరులో బట్టల అంగడి. మధ్యాహ్నం ఇంటికొచ్చి కుక్కర్ పెట్టేది ఆయనే. ఆ పని సక్రమంగా జరిగిందో లేదో ఫోన్ చేసి కనుక్కోందే నాకు ముద్ద దిగదు. అదీ పట్టేసింది.

నేను లోపలికి పోగానే అందరి నవ్వులూ ఆగిపోయాయి. పిల్ల సంచి కింద పెట్టేసి గోడకు అతుక్కుపోయింది. తిడితే ఆ నోరు మళ్ళీ తెరుచుకోదు. మెచ్చుకుంటే అది కూడా పావడాకు తుడిచేస్తుంది. నాకు ఇంకేమీ తోచక, "అంతా బాగుంది గానీ నడక తప్పు. నేను ఈడ్చేది ఎడమకాలు. నువ్వు కుడికాలు ఈడ్చినావు" అన్నాను.

అది చాలా సేపు నా కాళ్ళ వైపు చూసింది. తర్వాత మెల్లగా అనింది. "లేదు మేడమ్. కుడికాలే."

"ఎడమ."

"కుడికాలే మేడమ్!" అన్నారు అందరూ.

గది ఈ కొస నుంచి ఆ కొసకు నడిచి చూశాను. కుడికాలే. అట్లా ఆ పిల్ల నాతో మాట్లాడిన మొదటి మాట 'లేదు'.

మర్నాటి నుంచి రోజూ చివర కాసేపు అదే ఆట. ఒకరోజు బస్సు కండక్టర్, ఒకరోజు గాజులమ్మే ఆమె. ఆ పిల్ల గాజులామె అయితే తక్కినవాళ్ళు బేరం చేయాలి. దాహమేస్తే నీళ్ళు కూడా అడగలేని పిల్లలు, "ఏందిమే ఇంత రేటా? ఇవి బంగారు గాజులా?" అని గయ్యిన లేస్తుంటే నాకు భలే ముచ్చటగా ఉండేది.

ఆ ముచ్చటలో పడి ఒక సంగతి గమనించలేదు. పిల్లకు ధైర్యంతో పాటు కొంచెం పొగరు కూడా వచ్చింది. మా గదిలోనే ఒక పిల్లోడు ఉన్నాడు, రైతుల బిడ్డ, మాట తడబడుతూ వస్తుంది. ఒకరోజు అది వాణ్ణి పట్టుకుంది. "మే... మే... మేడమ్" అని వాడిలాగే మెడ సాచి అనింది. అందరూ నవ్వారు. వాడూ కొంచెం నవ్వాడు. ఆ తర్వాత బ్యాగు మీద మొహం పెట్టుకుని ఇంటి గంట కొట్టిందాకా ఎత్తలేదు. మర్నాడు బడికి రాలేదు.

పిల్లను పక్కకు పిలిచి, "నిన్నెప్పుడన్నా ఎవరన్నా అట్ల చేసినారా?" అని అడిగాను.

"మా తరగతిలో పుస్తకం సదవమంటారు మేడమ్. నేను లేసి నిలబడంగానే నగుతారు. ఇంగా సదవనే సదవను, ముందే నగుతారు."

"అప్పుడు నువ్వేం చేస్తావు?"

"నేనూ నగుతా."

ఆ మాట అనేసి ఆగిపోయింది. దానికదే తగిలినట్టుంది. కాలి బొటనవేలితో నేలను రాస్తూ నిలబడి, చివరికి తీర్పు చెప్పింది. "అయితే మనల్ని కొట్టగలిగినోళ్ళనే చేయల్ల మేడమ్. కొట్టలేనోళ్ళని చేయగూడదు."

చాలా మంచి తీర్పు అన్నాను. ఆ బడిలో దాన్ని కొట్టగలిగినవాళ్ళం హెడ్మాస్టరూ నేనూ అని అప్పుడు నాకు తట్టలేదు.

సాయంత్రం ఇద్దరం ఆ పిల్లోడి ఇంటికి పోయాం. తప్పయింది అనలేదు ఆ పిల్ల. గడప దగ్గర నిలబడి, "రేయ్, రేపు రా. హెడ్మాస్టర్ని చేయల్ల. నాకు రాదు. నీకే వస్తాది" అనింది.

మా హెడ్మాస్టర్ మంచాయనే. కాకపోతే ఒక్కొక్క మాటనూ లోతు బావిలోంచి చేదుకున్నట్టు మాట్లాడతాడు. "పిల్లలూ..." అని వేలెత్తితే, తర్వాతి మాట వచ్చేలోపల పిల్లలు ఒక కొట్లాట ముగించుకోవచ్చు. పిల్లోడు అరుగు మీద నిలబడి వేలెత్తాడు. "పి...ల్ల...లూ..." అన్నాడు. వాళ్ళ అవ్వ నవ్వు ఆపుకోలేక చేటను కింద పెట్టేసింది. వేలు పైకి లేచి ఉన్నంతసేపూ ఎదుటివాళ్ళు కాచుకోవాలనే కిటుకు వాడికి ఆ అరుగు మీదే దొరికింది.

కొన్నాళ్ళకు పులివెందులలో ఇట్లాంటి పిల్లలందరికీ ఒక సభ పెట్టారు. పాటలూ ఆటలూ. మేము నాటిక వేస్తామన్నాం. "దేని... మీద?" అని అడిగాడు హెడ్మాస్టర్. బడి మీద సార్ అన్నాను. అబద్ధం కాదు గదా. ఆయన సంతోషపడి తానూ వస్తానన్నాడు. పిల్ల తల్లి కూడా బయల్దేరింది. సభలో నాకు ఒక పక్క ఆయన, ఇంకో పక్క ఆమె.

పిల్లోడు చొక్కా లోపల దిండు పెట్టుకుని వచ్చాడు. "పి...ల్ల...లూ..." అని వేలెత్తి ఆగాడు. హాలంతా కాచుకుంది. వాడు నిదానంగా ఆ కొస నుంచి ఈ కొసదాకా అందరినీ చూశాడు. ఇంకా కాచుకున్నారు. వెనకనుంచి ఎవరో పిల్లోడు తట్టుకోలేక "ఏంది సార్?" అని అరిచాడు. హాలు ఘొల్లుమంది.

హెడ్మాస్టర్ నా వైపు వంగాడు. "ఈ సారు... ఎవరు?"

"ఎవరో ఊరికే కల్పించినారు సార్."

"బాగా... చేస్తాండాడు."

తర్వాత తువ్వాలు పైటతో, ఈడ్చే కాలుతో నేను వచ్చాను. నన్ను మాత్రం ఆయన వెంటనే గుర్తుపట్టి, కండ్లలో నీళ్ళు తుడుచుకుంటూ నవ్వాడు. అంతవరకూ బాగానే ఉంది. అప్పుడు ఆ పిల్ల చెయ్యి చెవికి ఆనించుకుని, మేము ఎప్పుడూ సాధన చేయని మాటలు మొదలుపెట్టింది.

"ఏమండీ, మీయమ్మ వచ్చిందా? కుక్కర్ మీరు పెట్టినారని చెప్పొద్దండి. పొద్దున్నే నేను వండిపెట్టి పోయినానని చెప్పండి."

ఆ మాటలు నేను నిజంగా అన్నవే. సభలో మా వీధివాళ్ళు ఇద్దరున్నారు. సంగతి నాకంటే ముందే ప్రొద్దుటూరు చేరింది. మా అత్తగారు మూడు రోజులు మాట్లాడలేదు. నాలుగో రోజు కొడుకును పిలిచి, అన్నం ఒక్కటేనా, పప్పు కూడా వచ్చా అని అడిగింది.

సభ అయినాక పిల్ల తల్లి కొంగు నోటికడ్డం పెట్టుకునే ఉంది. "ఇన్ని మాటలు దీని తల్లో యాడ నిలిచినాయి మేడమ్?"

పిల్ల నడుం మీద చెయ్యి పెట్టుకుని, అచ్చం ఆమె గొంతుతోనే, "దీనికి తల్లో ఏమీ నిలవదు మేడమ్" అనింది.

తల్లి దాని వీపు మీద ఒకటేసింది. గట్టిగా కాదు. ఆ తర్వాత ఆ చెయ్యి అక్కణ్ణుంచి తీయలేదు.

జమ్మలమడుగుకు ముద్దనూరులో బస్సు మారి పోవాలి. బస్టాండులో నేను నీళ్ళ సీసాలు కొంటుంటే పిల్ల పరిగెత్తుకుంటూ వచ్చింది. "మేడమ్, ముద్దనూరు బస్సు! బోర్డు నేనే సదివినా!" అది తనంతట తాను బోర్డు చదవడం నేను అంతకు ముందు చూడలేదు. ఆ సంబరంలో అందరం ఎక్కి కూర్చున్నాం. ఊరు దాటుతుండగా కండక్టర్ వచ్చాడు. ముద్దనూరు అన్నాను.

"ఇది ముదిగుబ్బ బస్సు మేడమ్. ఆ పక్కకు పోతాది. దిగండి."

రోడ్డు మీద నిలబడి అందరం ఆ పిల్ల వైపు చూశాం. ఈ దెబ్బకు ఇది మళ్ళీ గోడకు అతుక్కుంటుందనుకున్నాను.

అది కొంచెం ఆలోచించింది. "ము కరెక్టే. ద కూడా కరెక్టే. మిగతాది సదువుకున్నోళ్ళు మీరు సూసుకోవల్ల గదా!"

"అది... కూడా... నిజమే" అన్నాడు హెడ్మాస్టర్.

బస్టాండుకు వెనక్కి నడిచాం. ఇంకో బస్సు ముందు ఆ పిల్ల గాల్లో వేలు పెట్టి ఒక్కొక్క అక్షరమే కూడబలుక్కుంది. చివరికి నేరుగా కండక్టర్ దగ్గరికి పోయి, "అన్నా, ఇది ముద్దనూరు పోతాదా?" అని అడిగింది.

"బోర్డు కనపల్లేదా పాపా?"

"కనపడినాది. అయినా అడుగుతాండా."

ఇప్పుడు అది హైస్కూల్లో ఉంది. చదివేటప్పుడు ఇప్పటికీ వరస కింద వేలు పెట్టుకుంటుంది, తొందరపెడితే తప్పులు చదువుతుంది. లెక్కల సారు మొన్న నాకు ఫోన్ చేసి, మీ దగ్గర్నించి వచ్చిన పిల్ల నా మాదిరి తుమ్ముతాంది మేడమ్ అని ఫిర్యాదు చేశాడు. ఎట్లా తుమ్మిందో చేసి చూపించమన్నాను. ఫోన్ పెట్టేశాడు.