రెండో బంతి కోసం దిల్‌సుఖ్‌నగర్ దాకా

ఎల్‌బీ నగర్ నుంచి దిల్‌సుఖ్‌నగర్‌కు పోవడం కూడా ఒక ప్రయాణమేనా అని మీరు నవ్వవచ్చు. మెట్రోలో పది నిమిషాల పని. నాకూ మా మనవరాలు లాస్యకూ పోయి రావడానికి పొద్దున తొమ్మిదిన్నర నుంచి మధ్యాహ్నం రెండు దాకా పట్టింది. కారణం ఒక స్పాంజి బంతి. లాస్య తొమ్మిదో తరగతి. వాళ్ల బడి నుంచి నలుగురు ఆడపిల్లలు ఎల్లుండి రోబోల పోటీకి వెళ్తున్నారు. రోబో ఉన్నచోటి నుంచే బత్తాయంత బంతులు మూడింటిని వరసగా బుట్టలో వేయాలి. బంతిని విసిరే భాగం లాస్య చేసింది. మోటారుకు బిగించిన రబ్బరు చక్రం, దానికి ఎదురుగా ఒంపు తిరిగిన పలక. మధ్యలోకి బంతిని తోస్తే చక్రం దాన్ని ఈడ్చి అవతలికి కొడుతుంది. మొదటి బంతి ముచ్చటగా బుట్టలో పడుతుంది. రెండోది బుట్టకు ముందే పడిపోతుంది. మూడోది ఇంకా ముందు. అదే చక్రం, అవే బంతులు! మేం బయల్దేరే ముందురోజు, మర్నాడు సాయంత్రం ఐదింటికల్లా బాగుపడకపోతే దాన్ని తీసేసి, జట్టులోని నవ్య అనే అమ్మాయి చేసిన స్ప్రింగు బిగించాలని నలుగురూ తీర్మానించారు. లాస్య కూడా చెయ్యెత్తిందట. ఇంటికొచ్చి మాత్రం అన్నం ముట్టలేదు.

వాళ్ల సారు తప్పు ప్రోగ్రాములో ఉందన్నారు. నవ్య బ్యాటరీ అంది. నేను రబ్బరు జారుతోందన్నాను. నలభై ఏళ్లు కుట్టుమిషన్లు బాగుచేసినవాణ్ణి, ఎక్కడ ఏది మొరాయించినా ముందు రబ్బరునే అనుమానిస్తాను. బడిలో నేను చదివింది ఐదు దాకానే, మిగతాదంతా విప్పి చూసి నేర్చుకున్నది. విప్పి మళ్లీ బిగించలేకపోయినవి కొన్ని ఇప్పటికీ అటక మీద ఉన్నాయి, వాటి సంగతి ఇక్కడ వద్దు. దిల్‌సుఖ్‌నగర్‌లో ఇలాంటి చక్రాలు అమ్మే దుకాణం ఉందని లాస్య చెప్పగానే, యంత్రాన్ని బ్యాటరీతో సహా సంచిలో పెట్టుకుని వనస్థలిపురంలో షేర్ ఆటో ఎక్కాం. మనిషికి ఇరవై రూపాయలు, పావుగంటలో ఎల్‌బీ నగర్ మెట్రో.

అక్కడ సంచి తనిఖీ దగ్గరే మా ప్రయాణం ఆగింది. కుర్చీలోని సెక్యూరిటీ అతను సంచిలోకి చాలాసేపు చూశాడు.

"ఏంది తాతా గిది?"

"బంతులు విసిరేది, బాబూ."

"ఎవరి మీదికి?"

"ఎవరి మీదికీ కాదన్నా, బుట్టలోకి," అంది లాస్య.

"బుట్టల ఎయ్యనీకి చెయ్యి లేదా?"

అతను పై అధికారిని పిలిచాడు, ఆయనా సంచిలోకి చూశాడు. చివరికి కుర్చీలోని అతనే మర్యాదగా, "వైర్లు బయటికి ఏలాడుతున్నయి, నేనెట్ల పంపాలె? బస్సుల పోండ్రి," అన్నాడు. సిటీ బస్సులో కండక్టరమ్మ లాస్యకు ఆడవాళ్లకిచ్చే ఉచిత జీరో టికెట్ కొట్టి, "నీకు మాత్రం పైసలే తాతా," అని నవ్వింది. దారిలో కొత్తపేట వచ్చింది. ఒకప్పుడు అక్కడ పండ్ల మార్కెట్ ఉండేది. బత్తాయిల కాలంలో బస్సులో కూర్చుంటేనే వాసన తగిలేది. ఒకసారి లారీ మీంచి బత్తాయిలు దొర్లి... సరే, బంతి దగ్గరికే వస్తాను.

దుకాణం ఒక సందులో, మెట్ల కింద. యజమాని మా వైపు మనిషే, తెనాలి యాస. కొత్త రబ్బరు చక్రం బిగించి చూపించాడు. మొదటి బంతి వెళ్లి గోడకు కొట్టుకుంది. రెండోది ఆయన చెప్పుల మీద పడింది. "రబ్బరు కాదండీ, మోటారు చాలట్లేదు. పెద్దది పెట్టించండి," అన్నాడు. లాస్య నియమాల కాగితం తీసింది. అంతకంటే పెద్ద మోటారు పోటీలో పనికిరాదు. సారు, నవ్య, నేను, ఈయన, నలుగురం నాలుగు మాటలన్నాం, బంతి ఐదో మాట అంటోంది. మళ్లీ పాత చక్రమే బిగించుకుని బయటపడేసరికి పన్నెండు దాటింది.

ఎండకు నోరు పిడచకట్టుకుపోయి, బస్టాపు పక్కన చెరుకు రసం బండి దగ్గర ఆగాం. బండామె పేరు యాదమ్మ, పక్కన పండ్లమ్మే ఆయన అలాగే పిలుస్తున్నాడు. ఒక గడ మిషన్లో పెట్టి లాస్యకు గ్లాసు ఇచ్చింది. రెండో గడ చేతిలో పట్టుకుని ఊరకే నిలబడింది.

"పెట్టెయ్యమ్మా, దాహంగా ఉంది," అన్నాను.

"గంత తొందరేంది పెద్దాయనా? ఇప్పుడే ఒకటి మింగింది. చక్రం మల్ల జోరందుకోవాలె గద. ఇప్పుడే పెడితే గడ నడుమల ఇరుక్కుంటది. నువ్వొచ్చి గుంజుతవా?"

లాస్య గ్లాసు పెదవుల దగ్గరే ఆగిపోయింది. "అక్కా, ఇంకో గడ పెట్టవా? నేను వింటాను."

"ఇంటవా? రసం తాగుతరు గని ఇంటరా బిడ్డా?" అంటూనే యాదమ్మ గడ తోసింది. మిషను గొంతు ఒక్కసారి దిగింది. గడ అవతలికి పోయాక మెల్లగా లేచింది.

"తాతయ్యా, మనదీ ఇలాగే మూలుగుతుంది! మొదటి బంతిని కొట్టగానే చక్రం వేగం పడిపోతోంది. అది తేరుకోకముందే మనం రెండోదాన్ని తోసేస్తున్నాం." అంతలోనే నొసలు ముడిచింది. "మరి మొన్నటిదాకా రెండోది కనీసం బుట్ట అంచుకు తగిలేది. నిన్నటి నుంచే మరీ ముందు పడుతోంది. ఎందుకు?"

నేను యాదమ్మ అందించిన గ్లాసులోకి చూశాను. "నిన్న పలకను కాస్త దగ్గరికి జరిపి బిగించాను. పట్టు బాగుంటుందని."

"నాకు చెప్పకుండానా?"

"చెప్తే వద్దంటావని."

"చెప్తే వద్దనేదాన్నే!"

"సందు ఇరుకు జేస్తె ఇంకింత ఆయాసపడదా పెద్దాయనా?" అంది యాదమ్మ. ఇద్దరూ కలిసి నన్ను చూసిన చూపుకు రసం కూడా వగరుగా అనిపించింది.

ఐదింటికి మా మేడ మీద నలుగురు పిల్లలూ చేరారు. పలక పాత చోటికి వెళ్లింది. లాస్య ప్రోగ్రాములో బంతికీ బంతికీ మధ్య రెండు సెకన్ల ఎడం పెట్టింది. మొదటి బంతి పడింది. తర్వాత ఏమీ జరగలేదు.

"ఆగిపోయిందా?" అంది నవ్య, స్ప్రింగు చేతిలో పట్టుకుని.

"ఆగు."

నేనూ "తొయ్యి" అనబోయి నోరు మూసుకున్నాను. రెండోది పడింది. మళ్లీ ఎడం. మూడోది అంచు మీద ఒక్క క్షణం ఊగి లోపలికి జారింది. నవ్య స్ప్రింగును సంచిలో పెట్టేసి, "రెండు సెకన్లేనా?" అంది.

"రెండే."

మరి తప్పు ఎక్కడున్నట్టు? సారు చెప్పిన ప్రోగ్రాములోనా, దుకాణదారు చెప్పిన మోటారులోనా, నా పలకలోనా? ఎంత ఆలోచించినా తేలలేదు. ఒకటి మాత్రం మనసులో గుచ్చుకుంటోంది. మందపాటి జీన్సు మడత దగ్గర మిషను మూలుగుతోందని దర్జీలు వస్తే, నలభై ఏళ్లపాటు వినకుండానే రబ్బరు బెల్టు మార్చాను. అందులో ఎన్ని మంచి బెల్టులు పారేశానో! మీరు ఇలాంటి యంత్రంతో దిల్‌సుఖ్‌నగర్ వెళ్లేటట్టయితే నాదొక సలహా. వైర్లు వేలాడుతుంటే మెట్రో మీద ఆశ పెట్టుకోకుండా నేరుగా బస్సు ఎక్కండి, తిరుగుదారిలో చెరుకు బండి దగ్గర ఆగండి, రెండో గ్లాసుకు మాత్రం తొందరపెట్టకండి.