రైటర్ సుబ్బారావు గారి నిదానం

1984 జూన్‌లో నన్ను నందిగామకు, జగ్గయ్యపేటకు మధ్యనున్న ఒక స్టేషన్‌కు సబ్ ఇన్‌స్పెక్టరుగా వేశారు. ఊరి పేరు రాయను. ఆ మనుషుల పిల్లలు ఇంకా అక్కడే ఉన్నారు. భార్యను హింసించే భర్త మీద కేసు కట్టడానికి 498-ఎ అనే కొత్త సెక్షన్ వచ్చి అప్పటికి ఏడాది కూడా కాలేదు. సెక్షన్ కొత్తదే గాని మా పద్ధతి పాతదే. మొగుడు కొట్టాడని ఎవరైనా వస్తే ఆ మొగుణ్ణీ, ఊరి పెద్దనూ పిలిపించేవాళ్లం. నాలుగు చివాట్లు పెట్టి, ఇకపై అన్యోన్యంగా ఉంటామని రాజీ కాగితం రాయించి, సాయంత్రానికి ఇద్దర్నీ ఇంటికి పంపేవాళ్లం. సంసారం నిలబెట్టామని కాస్త గర్వం కూడా ఉండేది.

నేను చేరిన నెలలోనే చందర్లపాడు వైపు పల్లె నుంచి రమణమ్మ అనే ఆవిడ వచ్చింది. ముప్పై ఏళ్లుంటాయి. ఎడమ చెంప కమిలి ఉంది. భర్త మిరప తోటలున్న రైతు, మాటకారి. పద్ధతి ప్రకారం అతన్ని పిలిపించి, ఆమె పక్కనే బెంచీ మీద కూర్చోబెట్టి, కొట్టాడా అని ఆమెను అడిగాను. అటక నిచ్చెన మీంచి జారానని చెప్పింది. జారితే స్టేషన్‌కు ఎందుకొచ్చిందో ఆలోచించే ఇంగితం నాకు లేకపోయింది. రాజీ రాయించాను. జనరల్ డైరీలో, అంటే స్టేషన్‌లో జరిగిందల్లా ఎక్కించే పుస్తకంలో, పరిష్కారమైందని నా చేత్తో నేనే రాశాను.

రెండు నెలల తర్వాత సర్కిల్ ఇన్‌స్పెక్టరు గారు ఇలాంటి కేసుల గురించి నందిగామలో మూడు రోజుల క్లాసు పెట్టించారు. మొదటి రోజు ఒక ప్లీడరు గారు వచ్చి చట్టం బాగా చెప్పారు, మేమూ బాగా నిద్రపోయాం. రెండో రోజు మార్తమ్మ గారు వచ్చారు. ముప్పై ఏళ్లు నర్సుగా చేసి రిటైరైన మనిషి. నర్సమ్మ పోలీసులకు ఏం నేర్పుతుందని వెనక బెంచీలో గుసగుసలాడిన వాళ్లలో నేనూ ఒకణ్ణి. ఆవిడ చెవిన పడ్డట్టుంది; నన్నే ముందుకు పిలిచి భార్య వేషం వేయమన్నారు. మీసంతో సహా కూర్చున్నాను. భర్త వేషానికి మా అందరిలోకీ దిట్టమైన ఎస్సైని ఎంచి, అతని మోకాలు నా మోకాలికి తగిలేలా కుర్చీ జరిపారు. ఎవరు కొట్టారమ్మా అని నన్ను అడిగారు. అందరూ నవ్వారు. అతనూ నవ్వుతూనే నా వంక చూశాడు. ఆటేనని తెలిసినా నా నోట వచ్చిన జవాబు, ఎవరూ కొట్టలేదండీ అని.

నవ్వులు ఆగాక ఆవిడ తన పద్ధతి చెప్పారు. దెబ్బలతో వచ్చిన ఆడమనిషి వెంట భర్త ఉంటే, ముందు అతన్ని ఓపీ చీటీ రాయించుకురమ్మని లైన్లోకి పంపేవారట. ఆ లైను కదిలేలోగా కట్టు కడుతూ అడగవలసింది అడిగేవారట.

"మా దగ్గర చీటీ లైనుంది. మీ స్టేషన్లో ఏముందో మీరే చూసుకోండి బాబూ," అన్నారు.

మా స్టేషన్లో సుబ్బారావు గారున్నారు. ఆయన రైటర్, అంటే స్టేషన్ రాతకోతలన్నీ చూసే హెడ్ కానిస్టేబుల్. ఆయన స్టేట్‌మెంట్ రాయడం మొదలుపెడితే ముద్దాయి ఆకలికి తాళలేక నేరం ఒప్పుకుంటాడని సర్కిలంతా హాస్యమాడేవారు. ఆ నిదానం మీద నేనూ రెండుసార్లు కేకలేశాను.

క్లాసు అయిన వారానికి రమణమ్మ మళ్లీ వచ్చింది. ఈసారి కుడి చెయ్యి కొంగులో చుట్టుకుని ఉంది. అరగంటలో భర్త, ఊరి పెద్దను వెంటేసుకుని మోటారు సైకిలు మీద దిగాడు. ఆలుమగలన్నాక మాటా మాటా వస్తుందనీ, పొద్దుగూకేలోగా ఇల్లు చేరాలనీ, పంపించేయమనీ అన్నాడు. పంపితే ఏమవుతుందో ఆమె ముఖంలో ఈసారి నాకు కనబడింది. మీ స్టేట్‌మెంటే ముఖ్యం, ముందు అది పూర్తి కావాలని మర్యాదగా చెప్పి మగవాళ్లిద్దర్నీ రైటర్ గదికి పంపాను. తొందరేమీ లేదని సుబ్బారావు గారి చెవిన వేశాను. ఆయన సర్వీసులో ఆ మాట అన్న అధికారి ఇంకొకరు ఉండి ఉండరు. ఆయన ఆ భర్త తాతగారి పేరు దగ్గర మొదలుపెట్టి, పొలాల సర్వే నంబర్ల మీదుగా బయల్దేరారు.

ఇవతల వరండాలో రమణమ్మకు కుర్చీ వేయించి, స్టేషన్ ఊడ్చే కోటమ్మను తోడు కూర్చోబెట్టి, నేను కాస్త ఎడంగా కూర్చున్నాను. నేను అడగకముందే ఆమె అంది:

"మొన్నొచ్చినప్పుడూ చెబుదామనే వచ్చానండి. మీరు ఆయన్ని పక్కన కూర్చోబెట్టారు."

నాకు తల కొట్టేసినట్టయింది. తప్పు నాదేనమ్మా అన్నాను. యూనిఫాంలో ఉండగా ఆ మాట అనడం అదే మొదలు. ఆమె గంట సేపు చెప్పింది. కోరింది ఒక్కటే, ఈ పూట తనను ఆ ఇంటికి పంపవద్దని. 498-ఎ కింద ఎఫ్ఐఆర్ కట్టి, గాయాల సర్టిఫికెట్ కోసం మెమో రాసి, కోటమ్మను తోడిచ్చి ఆసుపత్రికి పంపాం. చెయ్యి విరిగిందని తేలింది. కట్టు కట్టించి జగ్గయ్యపేటలో ఉన్న అక్కగారింటికి చేర్చాం. ఆమెను ఆసుపత్రికి పంపగానే భర్తను అరెస్టు చేయడానికి నేను లోపలికి వెళ్లేసరికి సుబ్బారావు గారు ఇంకా మూడో పేజీలోనే ఉన్నారు.

రమణమ్మ మళ్లీ ఆ ఇంటికి వెళ్లలేదు. మార్తమ్మ గారికి జరిగిందంతా ఉత్తరం రాస్తే, చీటీ లైను దొరికిందన్నమాట, సంతోషం అని కార్డు ముక్క వచ్చింది. ఆవిడకూ, సుబ్బారావు గారికీ నేను రుణపడి ఉన్నాను. నేను ఒకసారి వెనక్కి పంపినా మళ్లీ నా దగ్గరికే వచ్చిన రమణమ్మకు ఇంకా ఎక్కువ.

సెక్షన్ ఎంత గట్టిదైనా, చెప్పవలసిన మనిషి పక్కన ఎవరు కూర్చున్నారో చూడకపోతే అది పుస్తకంలోనే ఉంటుంది. తర్వాత నేను సర్కిల్ ఇన్‌స్పెక్టరునై కొత్త ఎస్సైలకు క్లాసు చెప్పేటప్పుడు, ముందు రెండు కుర్చీలు వేయించేవాణ్ణి. పాఠం మాత్రం నేను రాజీ రాయించిన రోజు నుంచే మొదలుపెట్టేవాణ్ణి.