పెల్తోలా మిట్ట

తైస్తో లాంపెలా పేరు చెబితే మా ఊరు హర్యుకొస్కిలో ఇప్పటికీ ఎవరో ఒకరు చేతిలోని కాఫీ కప్పు కింద పెడతారు. అంతకుమించి గౌరవం చూపించడం మా వాళ్ళకి చేతకాదు. కంకర రోడ్డు మీద కారుని గాల్లోకి లేపి మళ్ళీ దారి మీదే దించగలిగినవాడు, ర్యాలీ కార్ల పందేల్లో ఫిన్లాండు మొత్తానికి రెండుసార్లు ఛాంపియన్ అయినవాడు, మామూలు రోజుల్లో దుంగల లారీ తోలుకుని బతికాడు. గెలిచిన మర్నాడు పొద్దున కూడా అదే లారీ, అదే కాగితపు మిల్లు, అదే అద్దె ఇల్లు. సహకార కొట్టువాళ్ళు మొదటి గెలుపుకి పొడుగాటి సాసేజ్ చుట్ట ఒకటి బహుమతిగా ఇచ్చి ఫొటో తీయించారు. ఆ ఫొటోలో సాసేజ్ అయినా కాస్త నవ్వుతున్నట్టు ఉంటుంది గానీ తైస్తో మాత్రం నవ్వడు.

అతను నవ్వడం మానేసి అప్పటికే చాలా కాలమైంది. కలెర్వో చనిపోయిన ఆ ఆగస్టు నుంచీ అంతే.

కలెర్వో చిన్నప్పుడు అతనితో ఒకే బెంచీ మీద చదువుకున్నాడు, పెద్దయ్యాక పందేల్లో అతని పక్క సీట్లో కూర్చుని దారి చదివాడు. పాల కేంద్రంలో ఉద్యోగం. మా ఊరివాళ్ళు మాటలు పొదుపుగా వాడతారు, చలికాలం మధ్యలో అయిపోతాయేమోనని భయం కాబోలు. కలెర్వో ఒక్కడే ఆ పొదుపు లేకుండా పుట్టాడు. పాల డబ్బాలతో కూడా కబుర్లు చెప్పేవాడు. కారులో కూర్చుంటే మాత్రం మనిషి మారిపోయేవాడు. చర్చిలో ప్రకటనలు చదివే పాస్టరులా, ఎత్తూ పల్లమూ లేని గొంతుతో తొందర పడకుండా చదివేవాడు.

పందేనికి ముందు ఇద్దరూ ఆ అడవి దారుల్లో మామూలు కారులో మెల్లగా వెళ్ళేవారు. తైస్తో ప్రతి మలుపూ చూసి పైకి చెప్పేవాడు, కలెర్వో రాసుకునేవాడు. పందెం రోజు కలెర్వో ఆ మాటల్నే, దారి రావడానికి ఒక్క క్షణం ముందు, తిరిగి తైస్తో చెవిలో వేసేవాడు. మాటలు తైస్తోవి, గొంతు కలెర్వోది. చదివేవాడు తల ఎత్తకూడదు, ఎత్తితే వరస తప్పుతుంది. కారు ఎక్కడుందో నడుముకి తగిలే కుదుపుల్ని బట్టే తెలుసుకోవాలి. కలెర్వో దీని మీద కూడా వేళాకోళం ఆడేవాడు. "ఒరేయ్, నువ్వు పుట్టాక మాట్లాడిన మాటలన్నీ నా చేతిరాతలోనే ఉన్నాయిరా. నేను లేకపోతే నిన్ను మూగవాడి కింద లెక్కేసి గవర్నమెంటు పింఛను ఇస్తుంది" అనేవాడు.

పెల్తోలా వాళ్ళ పొలం దాటాక ఒక మిట్ట ఉంది. దాని మీదకి వస్తుంటే దారి కనబడదు, ఆకాశమే కనబడుతుంది. ఆ వేగంలో కారు గాల్లోకి లేస్తుంది. లేచిన కారుకి స్టీరింగు ఉన్నా లేనట్టే, అందుకని లేవకముందే ముక్కు ఎటు పెట్టాలో తేల్చుకోవాలి. మా దగ్గర నడిపేవాళ్ళంతా దానికి అవతలి చెట్ల కొనలనే గుర్తు పెట్టుకుంటారు. ఆ మిట్టకి తైస్తో పెట్టుకున్న గుర్తు, గుంపులో అన్నిటికంటే పొడుగ్గా నిలబడ్డ ఒక స్ప్రూస్ చెట్టు. దాని కొనకి గురిపెట్టి కాలు తీయకుండా తొక్కితే చాలు. "మిట్ట, ఫుల్" అని చెప్పాడు. కలెర్వో రాసుకున్నాడు.

పందెం రోజు వచ్చేలోపల ముసలి పెల్తోలా ఆ చెట్టు కొట్టేశాడు. ఆవిరి స్నానాల గదికి కొత్త గోడ కావలసి వచ్చిందట. అతని చెట్టు, అతని గోడ, అతన్నేమనగలం. పందెం రోజు కలెర్వో "మిట్ట, ఫుల్" అన్నాడు, అనవలసిన చోటే అన్నాడు. తైస్తో అలవాటు చొప్పున అన్నిటికంటే పొడుగ్గా కనబడ్డ కొనకి గురిపెట్టాడు. అది వేరే చెట్టు, కాస్త కుడికి ఉంది. కారు దారి వదిలేసి కుడివైపు చెట్లలోకి దిగింది. కలెర్వో కూర్చున్నది కుడివైపు.

సమాధి చేసి వచ్చాక కాఫీ బల్లల దగ్గర జనం వాళ్ళలో వాళ్ళే ఒక మాటకొచ్చారు. తైస్తో అంతటివాడు దారి తప్పడు, కలెర్వోయే వరస తప్పి ఉంటాడు, ఇంకో మిట్టకి రాసింది దీనికి చదివి ఉంటాడు. పాల కేంద్రం మేనేజరు తైస్తోని పక్కకి పిలిచి, చివర్లో కలెర్వో ఏం చదివాడని అడిగాడు. తైస్తో నేల చూపులు చూసి, గుర్తులేదన్నాడు. ఇంకో చోట అయితే ఆ జవాబుని అనుమానించేవారు. మా ఊళ్ళో మెచ్చుకున్నారు. పోయిన స్నేహితుడి తప్పు బయటపెట్టడం ఇష్టంలేక దాచుకుంటున్నాడు, ఎంత మంచివాడో అనుకున్నారు. నోరు మూసుకున్నవాడిలో మంచితనం తప్ప ఇంకేమీ ఉండదని మా వాళ్ళ గట్టి నమ్మకం. ఆ నమ్మకమే కలెర్వో పేరుని కూడా గోతిలోకి దించి మట్టి కప్పింది.

చెప్పకూడదని తైస్తో ఒట్టేమీ పెట్టుకోలేదు. రేపు చెబుదాం అనుకున్నాడు. మంచు కురవడం మొదలైంది, ఇంకా చెప్పలేదు. వసంతంలో మంచు కరిగి రోడ్లు బురదగా ఉన్నప్పుడు, లారీ నిండా దుంగలేసుకుని ఒంటరిగా వస్తుంటే పక్కనుంచి గొంతు వినబడింది. "ఎడమ, మెల్లగా. యాభై. కుడి, చూసుకో." కలెర్వోది, అదే పాస్టరులాంటి గొంతు. తైస్తో తిరిగి చూశాడు. పక్క సీట్లో రొట్టెల సంచీ, ఫ్లాస్కూ తప్ప ఏమీ లేవు. బండి ఆపి దిగి బురదలో నిలబడ్డాడు. మళ్ళీ ఎక్కి బయల్దేరగానే గొంతు వదిలిన చోటినుంచే అందుకుంది.

ఆ గొంతు కోపంగా లేదు. నిందించనూ లేదు. దారి చదివింది, అంతే. తిట్టినా బాగుండేదని తైస్తో ఎన్నిసార్లు అనుకున్నాడో.

మళ్ళీ పందేలకి వెళ్ళాడు. పక్కన కొత్తగా ఒక స్కూలు మాస్టారు కూర్చునేవాడు. పాపం, గొంతు బొంగురుపోయేలా చదివేవాడు. తైస్తో అతని మాట ఒక్కటీ వినలేదు. అంతకంటే ఒక రవ్వ ముందే కలెర్వో చెప్పేస్తున్నాడు, ఎన్నడూ తప్పడం లేదు. అలా ఒక ఏడాది దేశానికి ఛాంపియన్ అయ్యాడు, రెండేళ్ళ తర్వాత ఇంకోసారి అయ్యాడు. పేపర్లవాళ్ళు అతని చేతుల గురించి, ధైర్యం గురించి రాశారు. తైస్తోకి మాత్రం తను చనిపోయినవాడి కష్టం తింటున్నట్టే ఉండేది. నిజం చెప్పేస్తే ఆ గొంతు వెళ్ళిపోతుందని అతనికి ఎందుకో గట్టిగా అనిపించేది. వెళ్ళిపోతే తను ఉత్త లారీ డ్రైవరు. అంతకంటే, లారీలో ఇక తోడు ఉండదు. చెప్పకపోవడానికి మొదట భయం కారణం. తర్వాత్తర్వాత ఇదే కారణమైంది.

కలెర్వో కూతురు ఇర్యా మందుల షాపులో పనిచేసేది. సెలవు రోజుల్లో చిన్నచిన్న ర్యాలీల్లో పక్క సీట్లో కూర్చుని దారి చదివేది. నాన్నలా వరస తప్పుతావేమో జాగ్రత్త అని మగవాళ్ళు ఆమె వినేలాగే నవ్వుకునేవారు. తండ్రి పోయిన పదేళ్ళకి, మాస్టారు నడుంనొప్పితో మానుకున్నాడని తెలిసి, ఆమె నేరుగా తైస్తో ఇంటికొచ్చింది. ఈ ఏడాది మూడో ఛాంపియన్‌షిప్పు గెలిచే అవకాశం ఉందని, చదవడానికి తను వస్తానని చెప్పింది.

"ఊరంతా చూడాలి బాబాయ్. మా ఇంట్లో వాళ్ళు కూడా సరిగ్గా చదవగలరని చూడాలి."

అప్పుడే చెప్పవలసింది. అమ్మని అడుగుదాం అన్నాడు తైస్తో.

అమ్మ, అంటే కలెర్వో భార్య హిల్కా, కాఫీ కాచి యాలకుల రొట్టె కోసి పెట్టింది. బల్ల మీది రొట్టె పొడి ఏరింది. కూతుర్ని పంపడం ఇష్టం లేదని మొహం చూస్తేనే తెలుస్తోంది. చివరికి, తీసుకెళ్ళమంది.

"నీతో అయితే పంపుతాను. ఆయన చేసిన తప్పు గురించి నువ్వు ఇన్నేళ్ళలో ఎవరి దగ్గరా ఒక్క మాట అనలేదు. ఆ సంగతి నేను మర్చిపోను, తైస్తో."

తైస్తో కాఫీ తాగాడు. ఇంకో కప్పు పోసింది, అదీ తాగాడు.

ఆ వేసవి అంతా కారులో రెండు గొంతులు. తండ్రి ముందు, కూతురు వెంటనే. ఇర్యా కూడా అచ్చం అలాగే, ఎత్తూ పల్లమూ లేకుండా చదివేది. పక్కన తండ్రి ఉన్నట్టు ఆమెకి తెలియదు. తైస్తో రాత్రిళ్ళు నిద్రపట్టక చిక్కిపోయాడు, అయినా గెలుస్తూ వచ్చాడు. ఆగస్టులో ఆఖరి పందెం మా ఊరి చుట్టుపక్కలే వచ్చింది. కలెర్వో పోయినప్పటినుంచీ పక్కన పెట్టిన పెల్తోలా దారిని నిర్వాహకులు ఆ ఏడు మళ్ళీ కలిపారు.

దారి చూసుకోవడానికి వెళ్ళిన రోజు, మిట్ట కింద తైస్తో మాట ఆపేశాడు. ఇర్యా పెన్సిలు పట్టుకుని తల వంచుకుని ఎదురుచూసింది. "చూసుకో" అని రాయిస్తే బాగుండేది. కానీ ఎందుకు అని ఆమె అడుగుతుంది. మూడో టైటిలు కావాలంటే ఇక్కడ కాలు తీయకూడదని ఆమెకీ తెలుసు. అందుకని మళ్ళీ ఆ పాత మాటే, ఫుల్ అనే చెప్పాడు. ఆమె రాసుకుంది.

పందెం రోజు జనం మిట్ట చుట్టూ ముసిరారు. తైస్తో కారు పొలం దాటింది. అంతవరకూ తండ్రి ముందు, కూతురు వెనక. మిట్ట దగ్గరికి వచ్చేసరికి రెండు గొంతులూ కలిసిపోయాయి. ఒక్క గొంతే, ఒక్కసారే, "మిట్ట, ఫుల్" అంది.

తైస్తో బ్రేకు మీద రెండు కాళ్ళూ వేశాడు. కారు కంకర మీద ఈడ్చుకుంటూ పోయి మిట్టకి ఇవతలే పక్క గడ్డిలో ఆగింది. ఇర్యా బెల్టు విప్పుకుని, వెనక వచ్చే కార్లకి హెచ్చరికగా పెట్టే ఎర్ర త్రికోణం పట్టుకుని వెనక్కి పరిగెత్తి రోడ్డు మీద పెట్టి వచ్చింది. ఆ తర్వాతే తలుపు దగ్గర నిలబడి మాట్లాడింది. పెదవులు పాలిపోయి ఉన్నాయి.

"నేను తప్పు చదివానా?"

తైస్తో స్టీరింగు పట్టుకునే కూర్చున్నాడు.

"ఆలస్యంగా చదివానా? చెప్పు బాబాయ్. అందరూ చూస్తున్నారు. నాన్నలాగే చేసిందని అనుకుంటున్నారు వాళ్ళు."

ఆ పిల్ల మొహం చూస్తే తైస్తోకి ఇంకో దారి లేకపోయింది. నోరు మూసుకుంటే ఇంకో మనిషిని పాతిపెట్టినట్టే. హెల్మెట్ తీశాడు.

"సరిగ్గా చదివావు. మీ నాన్న కూడా సరిగ్గానే చదివాడు. ఫుల్ అన్నాడు. ఆ మాట రాయించింది నేనే. గుర్తు పెట్టుకున్న చెట్టు కొట్టేశారు, నేను చూసుకోకుండా ఇంకో చెట్టుకి గురిపెట్టాను. తప్పు నాది, ఇర్యా. మొదటినుంచీ నాదే."

వెనక వస్తున్న కారు వాళ్ళిద్దరినీ దాటుకుని మిట్ట మీద లేచి అవతల దిగింది. దాని వెనక ఇంకొకటి. ఇర్యా ఏడవలేదు, అరవలేదు. తన హెల్మెట్ సీట్లో పెట్టి, "ఇది అమ్మకి నువ్వే చెప్పాలి, నేను చెప్పను" అని, జనం మధ్యలోంచి తల ఎత్తుకుని ఊరివైపు నడిచి వెళ్ళింది. జనం దారి ఇచ్చారు.

పందెం అయ్యాక తైస్తో ఆ మిట్ట మీదుగా కారుని మనిషి నడిచే వేగంతో పోనిచ్చాడు. గొంతు రాలేదు. మలుపులో రాలేదు, వంతెన దగ్గర రాలేదు. ఇంటికి పోయే దారిలో, పుట్టినప్పటినుంచీ ఎరిగిన దారిలో, మలుపు ఎంత వంపుందో తెలియక రెండుచోట్ల ఆగవలసి వచ్చింది. పక్కసీటు మీద చెయ్యి వేసి కూర్చున్నాడు. ఏడుపొచ్చింది. టైటిలు పోయినందుకు కాదు.

మర్నాడు పొద్దున వాన పడుతుంటే హిల్కా ఇంటికి వెళ్ళి, గుమ్మంలో బూట్లు విప్పి, నిలబడే అంతా చెప్పాడు. ఆమె కూర్చోమనలేదు. పొయ్యి మీద కాఫీ ఉంది, పోయలేదు. మా ఊళ్ళో అంతకంటే పెద్ద శిక్ష లేదు. కానీ ఆమెకి శిక్ష వేసే ఆలోచన ఉన్నట్టు లేదు. అతన్ని చూడటమే లేదు.

"సమాధి దగ్గరికి ఆదివారం ఆదివారం వెళ్తాను కదా" అంది. "పువ్వులు పెడతాను. పెట్టి తిడతాను. ఒక్క వరస సరిగ్గా చూసుకోలేకపోయావా, నన్నూ పిల్లనీ ఇలా వదిలేసి పోయావా అని. పదేళ్ళు తిట్టాను, తైస్తో. ఒక్క ఆదివారం కూడా మంచిగా మాట్లాడలేదు ఆయనతో."

హిల్కా కొక్కేనికి ఉన్న కోటు తీసి వేసుకుంది, తలకి రుమాలు కట్టుకుంది. సమాధుల తోట చెరువుకి అవతల, చాలా దూరం. వానగా ఉంది, కారులో దింపుతానన్నాడు తైస్తో.

"వద్దు" అంది హిల్కా, బొత్తాలు పెట్టుకుంటూ. "నడిచే వెళ్తాను. ఆయనతో ఏమని మొదలుపెట్టాలో నాకింకా తెలీదు."